జంగయ్య పెదాలు కదిలిన రాత్రి

నాకు అన్నం పెట్టే ఈ సిస్టమ్ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నవ్వుకుంటే నవ్వుకోండి... నేనూ ఇలాంటివి విని నవ్విన దాన్నే. హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "కరెంటు బిల్లు కట్టే చోట దయ్యాలేంటే, లైటు వెయ్యి" అని ఏడిపించేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. భయం కూడా ఎప్పుడో పోయింది. బాధ ఒక్కటే మిగిలింది.

నా పని కొందరికి తెలుసు, తెలియని వాళ్లకు చెబుతాను. మోషన్ గ్రాఫిక్స్. అంటే కదలని బొమ్మను కదిలించడం. పెళ్లి పిలుపు వీడియోలు, ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేసేవి, చవితి వస్తే బాలాపూర్, మీర్‌పేట్ కుర్రాళ్లు అడిగే వినాయకుడి వీడియోలు, ఎప్పుడైనా ఒక షాపుకు వెబ్‌సైటు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోర్సు నేర్చుకుని, ఎల్బీనగర్‌లో జిరాక్స్ షాపు పైన ఒక గది అద్దెకు తీసుకున్నాను. నా ఆస్తంతా ఒక హార్డ్ డిస్క్. రాలే పూలు, ఎగిరే బంగారు రజను, తెరుచుకునే గుడి తలుపులు, అక్షింతలు, దీపాలు, తెలుగు ఫాంట్లు, సన్నాయి ముక్కలు... ఉచితంగా ఇచ్చే ప్రతి సైటూ తిరిగి ఏరుకొచ్చినవి. మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి "బంగారం ఏమైనా కొన్నావా ప్రసన్నా" అంటే, "కిలోల లెక్కన ఉందమ్మా, అంతా డిస్కులోనే" అనేదాన్ని.

ఈ మధ్య ఏఐ సైట్లు వచ్చాయి కదా. ఫొటో ఇచ్చి, ఏం చేయాలో రాస్తే ఐదు సెకన్ల వీడియో చేసి ఇస్తాయి. అవి వచ్చాక పెళ్లిళ్లలో ఒక కొత్త పద్ధతి మొదలైంది. చనిపోయిన తండ్రి తెర మీద నడిచి వస్తాడు. పెళ్లికూతురి తల మీద చెయ్యి పెట్టి దీవిస్తాడు. హాలంతా కళ్లు తుడుచుకుంటుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. నాకు ఆ పనే ఎక్కువగా వచ్చేది.

యాదమ్మ గారు కూడా ఆ పని మీదే వచ్చారు. నల్లగొండ దగ్గర ఊరు వాళ్లది. హయత్‌నగర్‌లో టిఫిన్ బండి. భర్త జంగయ్య లారీ డ్రైవరు, అంతకు ముందు ఏడాది పోయాడు. కూతురు మౌనికకు పెళ్లి. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుని, సంచిలోంచి మూడు ఫొటోలు తీసి నా టేబుల్ మీద పరిచింది.

"ఎల్లుండే పెండ్లి బిడ్డా. నన్ను పీటల మీద కూసోనియ్యరు. కన్యాదానంకు మా అన్న, వదినె కూసుంటరు. గందుకే మా ఆయన గా తెర మీదన్న నిలబడాలె. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాలె. గంతే నాకు."

"పెట్టిద్దాం ఆంటీ. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను.

ఆమె లేవలేదు. ఒక ఫొటో మీద వేలితో రాస్తూ కూర్చుంది.

"దవాఖానల మూతికి ఆక్సిజన్ పెట్టిండ్రు బిడ్డా. నన్ను జూసి ఏదో చెప్తుండు. పెదాలు కదులుతున్నయ్. గా ప్లాస్టిక్ లోపల అంత ఆవిరి కమ్మింది. నాకేం సమజ్ గాలే. జర తియ్యమ్మా అంటే నర్సమ్మ తియ్యొద్దన్నది. తెల్లారేసరికి లేడు. ఏం చెప్పిండో... గదొక్కటి ఇంక గుచ్చుకుంటనే ఉన్నది."

"అయ్యో ఆంటీ," అన్నాను. అన్నాను గానీ నా కళ్లు ఫొటోల మీద ఉన్నాయి. ఏ ఫొటోలో వెలుగు బాగుంది, ఏది పనికొస్తుంది అని చూస్తున్నాను. లైసెన్సు కోసం తీయించుకున్నది ఒకటి. లారీ క్యాబిన్‌లో తీసుకున్న సెల్ఫీ ఒకటి. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం పాట చూడటానికి వెళ్లి జనంలో నిలబడింది ఒకటి. అందులో మొహం గోరంత.

ఆ రాత్రి అన్నం తిని కూర్చున్నాను. కింద జిరాక్స్ షాపు మూసేశారు. హైవే మీద లారీల చప్పుడు తప్ప ఇంకేం లేదు. లైసెన్సు ఫొటో సైట్లో పెట్టి, ఏం కావాలో రాశాను. నోరు మూసుకుని చిరునవ్వు, కుడి చెయ్యి పైకెత్తి దీవించాలి.

మొదటి క్లిప్పు వచ్చింది. చేతికి ఆరు వేళ్లు. ఇది మామూలే. "స్టీరింగు గట్టిగా పట్టుకోవడానికి పనికొస్తుందిలే అంకుల్" అని నాలో నేనే జోకు వేసుకున్నాను. రెండోది ఫర్వాలేదు, కానీ మొహం మారిపోయింది. అక్కడితో ఆ సైటు ఉచితంగా ఇచ్చేది అయిపోయింది. మా పని వాళ్లం అందరం చేసేదే నేనూ చేశాను. లాగిన్ అవకుండా, కొత్త మనిషిలా ఇన్‌కాగ్నిటో విండో తెరిచి మళ్లీ మొదలుపెట్టాను. ఆ విండో మూసేస్తే లోపల చేసిన పనేదీ మిగలదు. అది గుర్తుపెట్టుకోండి.

మూడో క్లిప్పు వచ్చింది.

చెయ్యి లేవలేదు... నవ్వలేదు... సూటిగా నా వైపు చూశాడు.

పెదాలు కదిలాయి.

మెల్లగా... మొదట రెండు పెదాలు గట్టిగా కలుసుకున్నాయి. తర్వాత కొంచెం గుండ్రంగా తెరుచుకున్నాయి. మళ్లీ కలుసుకున్నాయి. చివర... ఒక పక్కకు సాగాయి. తర్వాత అలసిపోయినట్టు కళ్లు మూసుకున్నాడు. ఐదు సెకన్లు అయిపోయాయి. క్లిప్పు మళ్లీ మొదటి నుంచి తిరిగింది.

మళ్లీ సూటిగా చూశాడు...

నేను భయపడలేదు. నిజం. ఈ సైట్లకు ఇది అలవాటే. మొహం కనిపిస్తే చాలు, నోరు కదిలించేస్తాయి. ఇంకోసారి చేయించాను. అదే. పెదాలు కలిశాయి, తెరుచుకున్నాయి, కలిశాయి, సాగాయి. "సరే, ఈ ఫొటోలోనే ఏదో ఉంది" అనుకుని క్యాబిన్ సెల్ఫీ పెట్టాను. అందులో ఆయన పక్కకు తిరిగి ఉన్నాడు. క్లిప్పులో మెల్లగా నా వైపు తిరిగాడు... తిరిగి, అదే వరసలో పెదాలు కదిపాడు.

జనంలో ఉన్న ఫొటో తీశాను. ఆ గోరంత మొహాన్ని కత్తిరించి, పెద్దది చేసి, పూర్తిగా వేరే సైట్లో పెట్టాను. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చక్రం తిరుగుతోంది... తిరుగుతోంది... వచ్చింది. ఈసారి చెయ్యి లేచింది. చక్కగా, నేను అడిగినట్టే లేచింది.

పెదాలు మాత్రం... అలాగే.

అప్పుడు వినపడింది. స్స్స్... స్స్స్... సన్నగా. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. ఆ క్లిప్పులకు శబ్దం ఉండదు. చూశాను, సౌండు మ్యూట్‌లోనే ఉంది. స్పీకర్ వైరు పీకేశాను. స్స్స్... కూలర్ అనుకుని దాని మీద చెయ్యి పెట్టాను. అది ఆపేసే ఉంది. స్స్స్... క్లిప్పు చివరికి వచ్చినప్పుడు ఆగేది. మళ్లీ మొదలైతే మొదలయ్యేది. ఎంతసేపు అలా నిలబడ్డానో గుర్తు లేదు. ఎన్నిసార్లు తిరిగిందో, అన్నిసార్లూ చూశాను. కళ్లు తిప్పుకోవడం చేతకాలేదు.

యాదమ్మ గారు చెప్పింది గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. వచ్చింది. అందుకే కదా అంత భయమేసింది. ఆమెకు ఫోన్ చెయ్యాల్సింది. ఆ క్లిప్పు ఒక్కటి ఆమెకు పంపాల్సింది. కానీ భయంలో మనిషికి చేతికి అలవాటైన పనే తోస్తుంది. నా చేతికి అలవాటైంది తప్పు కనిపిస్తే సరిచేయడం. అసలు ఫొటోలోంచి కదలని నోటిని కత్తిరించాను. కదులుతున్న నోటి మీద అతికించాను. అంచులు కలిపాను. రంగు సరిపోల్చాను.

స్స్... ఆగిపోయింది.

పైన పూలు రాల్చాను, బంగారు రజను చల్లాను, సన్నాయి పెట్టాను, వీడియో ఫైలు తయారు చేశాను. తర్వాత గదిలో అవి ఉండటానికి వీల్లేదన్నట్టు ఒక్కో క్లిప్పూ తీసిపారేశాను. చెత్తబుట్ట ఖాళీ చేశాను. ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసేశాను. రాలే పూలు కూడా ఏళ్ల తరబడి దాచుకున్న దాన్ని... వాటిని మాత్రం దాచలేదు.

పెళ్లి రోజు పెన్‌డ్రైవ్ పట్టుకుని నేనే ఫంక్షన్ హాలుకు వెళ్లాను. పీటల మీద మేనమామ, అత్త కూర్చున్నారు. యాదమ్మ గారు దూరంగా, కుర్చీల చివర నిలబడి ఉంది. తెర మీద గుడి తలుపులు తెరుచుకున్నాయి. జంగయ్య వచ్చాడు, చెయ్యెత్తి దీవించాడు. మౌనిక "నాయినా" అని గట్టిగా ఏడ్చేసింది. మగపెళ్లి వాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. తెర నడిపే అబ్బాయి నాకు బొటనవేలు చూపించాడు. అందరూ మెచ్చుకుంటున్నారు. నేను మాత్రం యాదమ్మ గారి వైపే చూస్తున్నాను. ఆమె ఏడవలేదు. తెర ఖాళీ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"చెయ్యి ఆయనదే బిడ్డా. చూపు సుత ఆయనదే. మూతేంది గట్లున్నది? ఎవరో కుట్టినట్టున్నది."

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆ రాత్రి జరిగిందంతా చెప్పేశాను. తుడిచేశానని కూడా చెప్పాను. తిడుతుంది, కొడుతుంది అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె నా మణికట్టు పట్టుకుని, భోజనాల హాలు వెనక చేతులు కడుక్కునే చోటికి తీసుకుపోయింది.

"నువ్వు జూసినవ్ గద?"

"చూశాను ఆంటీ. చాలాసార్లు చూశాను."

"అయితే నువ్వు చెయ్యి. నీ మూతితోని చేసి చూపెట్టు."

బ్యాండు మోగుతోంది. ఎవరో పెరుగు కోసం అరుస్తున్నారు. నేను ఆమె ఎదురుగా నిలబడి పెదాలు కలిపాను. గుండ్రంగా తెరిచాను. మళ్లీ కలిపాను. పక్కకు సాగదీశాను.

"మళ్ల."

మళ్లీ చేశాను.

"జర మెల్లగ బిడ్డా. ఉరకకు."

మెల్లగా చేశాను. ఆమె నా మొహానికి అంత దగ్గరగా వచ్చి, రెప్ప వేయకుండా చూస్తోంది. ఎన్నోసారికో ఆమె పెదాలు కూడా నాతో పాటు కదలడం మొదలుపెట్టాయి. కలిశాయి... తెరుచుకున్నాయి... కలిశాయి... ఒక్కసారి ఆగిపోయింది. కళ్ల నిండా నీళ్లు. ఆ నీళ్లలోనే కొంచెం నవ్వింది.

"అంకుల్ ఏమన్నారు ఆంటీ?" అని అడిగాను.

"పా బిడ్డా, పిల్లను సాగనంపాలె," అంది. కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఏం అర్థమైందో చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

అక్కడితో అయిపోతే ఈ కథ మీకు చెప్పేదాన్ని కాదు. బండి తొందరగా ఖాళీ అయిన రోజు ఆమె నా గదికి వచ్చేది. డబ్బాలో నాకు నాలుగు ఇడ్లీలు తెచ్చేది. "ఒక్కసారి చూపెట్టు బిడ్డా" అనేది. చూపించేదాన్ని. చూసి, తల ఊపి, వెళ్లిపోయేది. మొదట్లో నాకు అనుమానం లేదు. ఆ వరస కంటి ముందే ఉండేది. రాను రాను... రెండోసారి కలిసింది ఎంతసేపు? సాగింది కుడికా ఎడమకా? అద్దం ముందు చేసి చూసుకునేదాన్ని. చేసిన కొద్దీ అది నా మూతి లాగే కనిపించేది.

మొన్న వచ్చింది. కూర్చుంది. చేసి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

"గది కాదు బిడ్డా."

మళ్లీ చేశాను. తల అడ్డంగా ఊపింది.

"గది గూడ కాదు. ఎట్ల కదిపిండో నాకు సుత యాదికొస్తలేదు. నిన్ను జూస్తె యాదికొస్తదని వచ్చిన."

ఇంకోసారి చెయ్యమని అడగలేదు. నా తల నిమిరింది. పైట సర్దుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రి అవే మూడు ఫొటోలు మళ్లీ పెట్టాను. ఆ సైటూ, ఈ సైటూ, ఆ తర్వాత కొత్తగా వచ్చినవీ అన్నీ. డబ్బులు కట్టి మరీ. అప్పుడు రాసిన మాటలే మక్కికి మక్కి రాశాను. ప్రతి క్లిప్పులోనూ జంగయ్య నేను అడిగినట్టే చెయ్యి ఎత్తుతాడు. నోరు మూసుకుని చక్కగా నవ్వుతాడు. మాట్లాడమని రాస్తే వార్తలు చదివే వాడిలా గడగడా మాట్లాడతాడు. ఆ కదలిక మాత్రం రాదు. లైటు ఆపి, చెవులు రిక్కించి కూర్చున్నాను... స్స్ అని వినపడితే బాగుండునని. ఏమీ లేదు. లారీలే.

ఏమిటది? ఆ రోజు ఆ సైట్లకు పట్టిన పిచ్చా? ఆయనేనా? ఇప్పటికీ నాకు తెలియదు. నాకు తెలియకపోయినా ఫర్వాలేదు. ఆమె చూడాల్సింది. ఒక్క క్లిప్పు ఉంచినా, ఆమె రోజూ చూసుకునేది.