మృగశిరలో చల్లిన గోంగూర

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా నాన్న ప్రతి ఎండాకాలం అనేవాడు. నేను కాపురానికొచ్చిన ఊళ్లో మాత్రం రోహిణి కార్తెలో నీళ్ల గొట్టాలు పగిలాయి. ఎండకి కాదు, నీళ్లు గడ్డకట్టి. పొద్దున్నే వంటింట్లో కుళాయి తిప్పితే చుక్క రాలేదు. గంట పోయాక గోడ వెనకనుంచి వరద వచ్చింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు.

ఆ ఊరి పేరు గైరా. ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఉత్తరాన, కొండల మీద ఉంటుంది. ఈ దేశంలో ఉత్తరానికి పోయేకొద్దీ వేడి పెరగాలట. గైరాకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. బంగాళాదుంపలు, గొర్రెలు, చలి, ఇవే ఆ ఊరి ఆస్తి. ఎనభైల చివర్లో మా ఆయనకి అక్కడి చిన్న ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వస్తే, తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి నేను వెళ్లి అక్కడ పడ్డాను. ఊరు మొత్తానికి తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

దారిలో మూడు వారాలు సిడ్నీలో ఆగాం. అక్కడ గిరావీన్ అనే పేటలో మా ఆయనకి దూరపు చుట్టం ఒకావిడ ఉండేది, నర్సు. మేం ఆంటీ అనేవాళ్లం. ఆవిడ పెరటి నిండా గోంగూర! పరాయి దేశంలో గోంగూర చూసి నేను నిజంగానే ఏడ్చాను. బయల్దేరే రోజు ఆంటీ నా చేతిలో చిన్న గుడ్డమూట పెట్టింది.

"ఇల్లు అమ్మేశాం అమ్మాయ్. కొత్త యూనిట్‌లో బాల్కనీ తప్ప మట్టి లేదు. పదేళ్లుగా ఏటేటా తీసి దాచుకుంటున్న సీడ్ ఇది. ఇండియా నుంచి తెచ్చుకుందామంటే ఎయిర్‌పోర్టులో లాక్కుని బిన్‌లో పడేస్తారు. మా వాడు యార్డున్న ఇల్లు కొనేదాకా ఇది నువ్వే బతికించాలి. నెక్స్ట్ ఈస్టర్‌కి మీ ఇంటికొస్తా. గోంగూర పచ్చడి తింటా, పిడికెడు సీడ్ పట్టుకెళ్తా. నువ్వు రైతు బిడ్డవి కదా, నాకు బెంగ లేదు."

రైతు బిడ్డవి అన్నమాట నా తలకెక్కింది. కొంప ముంచింది అదే.

వంటింటి గోడకి తెనాలి ఎరువుల కొట్టువాళ్ల క్యాలెండరు తగిలించాను. అందులో కార్తెలన్నీ ఉన్నాయి. జూన్‌లో మృగశిర వచ్చింది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు, మరి నేను ఊరుకుంటానా? చలి ఊరు కాబట్టి చలి ఏడాది పొడుగునా ఉండేదేననుకున్నాను. మనుషులు దేశాలు మారతారు గానీ కార్తె మారుతుందా ఎక్కడైనా? పార తీసుకుని పెరట్లో మడి తవ్వాను. నేల రాయిలా ఉంది, అరచేతులు బొబ్బలెక్కాయి. గింజలకి ఇసుక కలిపి, మా నాన్న చల్లినట్టే ఒడుపుగా చల్లాను. రెండు వారాలాగి ఆరుద్రలో ఇంకో విడత వేద్దామని చిటికెడు గింజలు మాత్రం ఒక మందుసీసాలో దాచాను.

కంచె అవతల నుంచి పక్కింటి ముసలావిడ చూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయినా, మోకాళ్లు పోయినా, ఇంటి వెనక చేలో బంగాళాదుంపలు తనే పండించేది. నేను మామ్మా అని పిలిస్తే పలికేది, ఎందుకు పిలుస్తున్నానో ఎన్నడూ అడగలేదు.

"అయ్యో, మీ కుక్క చచ్చిపోయిందా?" అంది ఇంగ్లీషులో.

"కుక్క కాదు మామ్మా, గార్డెన్," అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, ఆకాశం చూసింది. "జూన్‌లోనా?"

"యెస్! జూన్!" అన్నాను, ఎంత గర్వంగానో.

రోజూ పొద్దున లేచి చూస్తే మడి మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా మంచు. వారం, పది రోజులు, రెండు వారాలు. ఒక్క మొలకా లేదు. ఒకరోజు మా ఆయన టై కట్టుకుంటూ, "ఇవాళ హాస్పిటల్లో మిడ్‌వింటర్ పార్టీ ఉంది, నువ్వూ రావాలి," అన్నారు.

"మిడ్‌వింటరా? అంటే?"

"అంటే చలికాలం నడిమధ్య అన్నమాట. ఇక్కడ సీజన్లు మనకి రివర్స్ కదే."

నేను పెరట్లోకి పరిగెత్తి మట్టి గీకాను. గింజలు మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. "మరి మడి తవ్వుతున్నప్పుడు చెప్పొచ్చు కదండీ!" అని అరిచాను.

"సేద్యం సంగతి నాకేం తెలుసు? నువ్వు రైతు బిడ్డవి, నేను గుమస్తా కొడుకుని!"

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ గైరాలో తెలుగే లేదు.

ఆంటీ ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసేది. "సీడ్ జాగ్రత్తగా ఉందా అమ్మాయ్?"

"ఉందాంటీ. మూట విప్పనే లేదు," అన్నాను. అబద్ధమాడటం అంత తేలికని నాకు అదివరకు తెలియదు.

జూలైలో మంచు గట్టిగా పడి హైవే మూసేశారు. రొట్టెల బండి రాలేదు, పాలబండి రాలేదు. కొట్లో అరలు ఒక్క పూటలో ఖాళీ అయ్యాయి. మా ఇంట్లో డబ్బా అడుగున రెండు గ్లాసుల బియ్యం ఉన్నాయి. నేను కంగారుపడుతుంటే మామ్మ వచ్చి, నా చెయ్యి పట్టుకుని తన షెడ్డుకి తీసుకెళ్లింది. లోపల చీకట్లో బస్తాల బంగాళాదుంపలు, జడలల్లి వేలాడదీసిన ఉల్లిపాయలు, అటక మీద గుమ్మడికాయలు. మా నాన్న గాదె గుర్తొచ్చి గుండె నిండిపోయింది. "రోడ్డు ఎప్పుడు తెరిస్తే నాకేం?" అంది మామ్మ, తోపుడుబండి నింపుతూ.

మూలగా విడిగా ఉన్న బస్తాల మీద చెయ్యి వేయబోతే మాత్రం గద్దించింది. "అవి ముట్టుకోకు. విత్తనం దుంపలు."

తన చిన్నప్పుడు ఒక ఏడు వడగళ్లకి పంటంతా పోయిందట. వాళ్లమ్మ మిగిలిన విత్తనం దుంపల్ని పిల్లల మంచం కింద పెట్టింది. ఆ చలికాలమంతా గొర్రెలకి వేసే ముల్లంగిలాంటి దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. "ఆకలితో పడుకుంటే మంచం కింద నుంచి బంగాళాదుంపల వాసన వచ్చేది. ఆరుగురు పిల్లలం. ఒక్కరం ఒక్క దుంప ముట్టలేదు," అంది మామ్మ. పొగరుగా అంది. ఆ పొగరు నాకు భలే నచ్చింది.

ఇంక ఆగలేక ఇంటికి పరిగెత్తి, మందుసీసా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, నా తెలివితక్కువ పని అంతా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేశాను. మామ్మ కళ్లజోడు పెట్టుకుని గింజలు అరచేతిలో పోసుకుంది. ఇరవై మూడు.

"ఇది ఎక్కడ పండుతుంది?"

"వేడి ఊళ్లో, మామ్మా."

"అయితే దీనికి ఇక్కడ ఒక వేడి ఊరు కట్టాలి. నేను చెప్పేదాకా ఒక్క గింజ వెయ్యకు."

ఆవిడ చెప్పేదాకా అంటే నవంబరు దాకా. ఆ నెల మొదట్లో దేశమంతా పనులు మానుకుని చూసే గుర్రప్పందెం ఒకటుంది. అది అయ్యాకే టమాటా నారైనా నేలలో పెట్టాలట. మాకు మృగశిర ఎలాగో మామ్మకి గుర్రప్పందెం అలాగ! నేను రేడియోలో పందెం విని, ఏ గుర్రం గెలిచిందో కూడా వినిపించుకోకుండా పెరట్లోకి దూకాను. ఇక్కడ ఎండ ఉత్తరపు గోడకి కొడుతుందని చెప్పిందీ మామ్మే. పడగొట్టిన ఇంటి పాత కిటికీలు తెచ్చి ఆ గోడకి చేరగిల వేయించింది. వాటి కింద మట్టి గోరువెచ్చగా ఉండేది.

పదకొండు మొలిచాయి. ఆ రోజు నేను పెరట్లో గెంతుతుంటే కాకటూలనే తెల్ల చిలకలు ఎగిరిపోయాయి. ఎగిరిపోయినవి ఊరుకున్నాయా? తిరిగొచ్చి నాలుగు మొక్కలు పీకేశాయి. వడగళ్లు ఇంకో అయిదింటిని కొట్టేశాయి. మిగిలినవి రెండు. ఆంటీ ఫోన్ చేసి, "ఎలా ఉంది అమ్మాయ్ గోంగూర?" అంటే, "మడి నిండా ఉందాంటీ!" అన్నాను. ఆవిడ ఎంత సంబరపడిందో!

ఆ రెండూ మాత్రం ఏపుగా ఎదిగాయి. మార్చిలో మొగ్గ తొడిగాయి. లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. చూస్తూ కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం మామ్మ కంచె దగ్గర నిలబడి గాలి పీల్చి, "ఇంక బయట ఉంచితే తెల్లారేసరికి మంచుకి నల్లబడతాయి," అంది. ముగ్గురం కలిసి మట్టిగడ్డతో సహా తవ్వి, తొట్టెల్లో పెట్టి, తోపుడుబండి మీద ఇంట్లోకి తెచ్చాం. ముందుగదిలో, చలికి గది వెచ్చబరిచే కట్టెల పొయ్యికి దగ్గరగా, ఎండ పడే కిటికీ పక్కన పెట్టాం.

"మరి సోఫా?" అన్నారు మా ఆయన.

"వరండాలో వెయ్యండి."

"నేనెక్కడ కూర్చోవాలి?"

"మీకు డ్యూటీ ఉంటుంది కదా!"

"అంతేలే. మీ పుట్టింటివాళ్లొస్తే నాకెప్పుడూ చోటుండదు," అంటూ సోఫా ఈడ్చారు పాపం.

ఒక్క ఆకు కూడా తుంచొద్దని మామ్మ ఆజ్ఞ. కాయ ముదరాలంటే ఆకుండాలి, ఆకే మొక్కకి వంటిల్లు అంది. ఆకు కోస్తే విత్తనం లేదు, విత్తనం కావాలంటే కూర లేదు. ఈస్టర్ దగ్గరికొస్తోంది. అయిదువందల కిలోమీటర్ల నుంచి గోంగూర కోసం వచ్చే మనిషికి ఏం వండి పెట్టను దేవుడా అని ప్రార్థనలో కూడా అదే.

ఆంటీ రానే వచ్చింది. రైలు దిగుతూ ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, నువ్వులనూనె, అవి చాలనట్టు ఒక చిన్న రాతి రోలు మోసుకొచ్చింది. "మిక్సీలో వేస్తే అది పచ్చడా!" అంది. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పెరటి తలుపు తీసింది. బయట తెల్లటి మంచు, దాని కింద ఉత్త నేల.

"మడేదే?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్లాను. మృగశిర సంగతి చెప్పాను, కుళ్లిన గింజల సంగతి చెప్పాను, అన్నీ చెప్పాను.

"మూట విప్పలేదన్నావ్!"

"విప్పానాంటీ."

"మడి నిండా అన్నావ్!"

"రెండే ఆంటీ."

"చలికాలంలో ఎవరైనా విత్తుతారటే, పిచ్చిమొహమా! పదేళ్ల సీడ్!" అని తొట్టె పక్కనే నేలమీద చతికిలబడింది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నాకు చచ్చిపోవాలనిపించింది. ఇంటికొచ్చిన మనిషిని ఏడిపించాను, కనీసం అన్నమైనా పెట్టాలి కదా! వంటింట్లోంచి కత్తెర తెచ్చాను. "పచ్చడికి సరిపడా ఆకు కోస్తానాంటీ. ఇంత దూరం వచ్చారు," అన్నాను. లోపల ప్రాణం గిలగిలలాడుతోంది. పచ్చి కాయల్ని వేలితో తాకి చూస్తున్న ఆంటీ తలెత్తింది.

"కత్తెర అక్కడ పెట్టు," అంది. "ఆకు మీద చెయ్యేశావంటే నేను ఇప్పుడే రైలెక్కుతా."

మూడు రోజులు బంగాళాదుంప వేపుడు, బంగాళాదుంప ముద్దకూర, బంగాళాదుంప పులుసు. మామ్మ మంచుకి ముందే కోసి ఉంచిన పచ్చి టమాటాలు ఆంటీ రోట్లో వేసి, వెల్లుల్లి తగిలించి నూరింది. ఆ పచ్చడికి మా ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. ఈస్టర్ ఆదివారం చర్చి నుంచి వచ్చి, మామ్మనీ పిలిచి నలుగురం భోజనానికి కూర్చున్నాం. అప్పుడు తొట్టెలోంచి అడుగున పండుబారిన ఆకు ఒకటి దానంతటదే రాలింది. ఆంటీ లేచి వెళ్లి దాన్ని తీసి కడిగింది. నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి పెట్టింది.

పుల్లగా నాలుక మీద తగలగానే ఆంటీ కళ్లు మూసుకుంది. నేను గట్టిగా నవ్వాను, ఎందుకో నాకే తెలియదు. మామ్మ మొహం వంకర్లు తిరిగింది. "దీని కోసమా ఇంత గొడవ?" అంది. నాలుక చప్పరించి, "ఇంకో ముక్క ఉందా?" అంది.

మే నెలలో కాయలు గోధుమరంగు తిరిగాయి. ఒక ఆదివారం మామ్మ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఉండగానే ఫోన్ మోగింది.

"చెట్టెలా ఉంది అమ్మాయ్?" అంది ఆంటీ.

బాగుంది అంటే నమ్మే రోజులు నేనే పోగొట్టుకున్నాను. అందుకని నోరు విప్పలేదు. మా ఆయన రిసీవరు పట్టుకుంటే, ఎండిన కాయ ఒకటి తుంచి దాని దగ్గర పెట్టి ఊపాను. గింజలు గలగలమన్నాయి.

"మళ్లీ ఊపు," అంది ఆంటీ.

మళ్లీ ఊపాను.

"చాలు, చాలు," అంది ఆంటీ. "ఇంక ఊపకే, గింజలు రాలిపోతాయి."