విమానం కంటే ముందు అబహాకి

కువైట్‌లోని ఫింటాస్‌లో నేను పనిచేసే ఇంట్లో ఆ వేసవికి అబహా వెళ్దామనుకున్నారు. అది సౌదీలో కొండల మీది చల్లటి ఊరు. నేను మామా అనే ఇంటి యజమానురాలు, ఆమె భర్త, పిల్లలు విమానం టికెట్లు తీసుకున్నారు. మామా వాళ్లమ్మ, మేం పెద్ద మామా అని పిలిచే ముసలావిడ, మాత్రం ససేమిరా అంది.

"విమానంలో ఏం కనిపిస్తుంది, మబ్బులు తప్ప? నేను కారులోనే వస్తా."

"రెండు రోజులు కూర్చోవాలమ్మా, నడుం పట్టేస్తుంది," అని మామా బతిమాలింది.

"ఖలాస్!" అంది పెద్ద మామా. ఆ మాట తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తరు.

ఆమె వెంట నేనూ, డ్రైవరూ బయల్దేరాం. అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డులు, మా ఇద్దరి ఇఖామాలూ, ఆమె పేరు మీదే ఉన్నాయి; సరిహద్దు దాటాలంటే ఆమె వెంటే దాటాలి. అతనిది కడప, నాది రాయచోటి. నన్ను అక్కా అంటాడు.

అప్పటికి నేను ఐదుసార్లు విమానం ఎక్కి ఉన్నాను. చెన్నైలో ఎక్కడం, కువైట్‌లో దిగడం, అంతే. మధ్యలో ఏముందో ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు అద్దానికి ముఖం ఆనించి కూర్చున్నాను. ఇసుక కూడా ఒకే రంగులో ఉండదని ఆరోజే తెలిసింది.

పెద్ద మామా గంటకోసారి కారు ఆపించేది. తివాచీ పరిపించి, ఫ్లాస్కులోంచి తనే టీ వంచి ఇచ్చేది. ఒకచోట ఒంటెల కాపరిని పలకరించి, అప్పుడే పితికిన పాలు తాగి, గిన్నె నాకందించింది. నా పెదవి మీద నురగ చూసి, "నీకు మీసాలొచ్చాయే!" అని పగలబడి నవ్వింది.

ఆ రాత్రికి రియాద్‌లో వాళ్ల చుట్టాలింట్లో ఆగాం. మర్నాడు సాయంత్రానికి కొండలు మొదలయ్యాయి.

"అక్కా, సూడు సూడు! మన గువ్వలచెరువు ఘాటు మాదిరే ఉండాది!" అని డ్రైవరు కేకేశాడు.

"పాలకోవా అంగళ్లే తక్కువబ్బా," అన్నాను. మా రెండూళ్ల మధ్య ఉన్న ఆ ఘాటులో కోవాకే పేరు.

మేమెందుకు నవ్వుతున్నామో పెద్ద మామాకి మా వచ్చీరాని అరబ్బీలో చెప్పాం. "మీ ఊళ్లోనూ కొండలున్నాయా!" అని ఆమె బోలెడు ఆశ్చర్యపోయింది.

అంతలో పొగమంచు కమ్ముకుంది. దీపాలు వేసుకుని నత్తలా పాకుతుంటే ఫోన్ మోగింది. మామా. మంచులో విమానం దిగలేక వాళ్లను జిద్దాకి తీసుకెళ్లిందట. అందరూ క్షేమమని రెండుసార్లు అడిగి తెలుసుకుని, ఫోన్ పెట్టేశాక, పెద్ద మామా నా తొడమీద చరుస్తూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

అద్దెకు తీసుకున్న ఇల్లు చేరాక నేను వంటింటి వైపు నడిచాను. ఆమె చెయ్యి పట్టి ఆపింది. "ఈ పూట వంట లేదు. కూర్చో." డ్రైవరు పెద్ద పళ్లెం నిండా మాంసం, అన్నం కొనుక్కొచ్చాడు. ముగ్గురం ఆ ఒక్క పళ్లెం చుట్టూ కూర్చుని తిన్నాం. అన్నేళ్లుగా ఆమెకు వడ్డించాను కానీ, పక్కన కూర్చుని తినడం అదే మొదటిసారి. మంచి ముక్కలన్నీ ఏరి మా వైపు నెడుతూనే ఉంది. బయట వాన. కిటికీలోంచి చెయ్యి చాపి తడుపుకుని, ఆ తడి చేత్తో నా బుగ్గ తాకింది.

మామావాళ్లు మర్నాడు మధ్యాహ్నానికి వాడిపోయి వచ్చారు. వారం గడిచి తిరుగు ప్రయాణం నాడు పిల్లలిద్దరూ విమానం వద్దని కారెక్కి కూర్చున్నారు. వాళ్లను కారులోంచి దించడానికొచ్చిన మామా కాసేపు తటపటాయించి, తనూ ఎక్కేసింది. ఆమె భర్త ఒక్కడే విమానాశ్రయానికి టాక్సీ మాట్లాడుకున్నాడు.

"యల్లా, పోనీ!" అంది పెద్ద మామా.