రిపోర్టులో వదిలేసిన వాక్యం

అలైడాకి ఫుడ్ సైన్స్‌లో పట్టా జూన్‌లో వచ్చింది, ఉద్యోగం మార్చిలో వచ్చింది. మధ్యలో ఆమె పంపిన దరఖాస్తులు అరవై నాలుగు. సూపుల కంపెనీకి రాసింది, బిస్కెట్ల కంపెనీకి రాసింది, పసిపిల్లల పాలపొడి చేసేవాళ్లకి రాసింది, ఆఖరికి కుక్కల తిండి చేసేవాళ్లకీ రాసింది. అందరూ మర్యాదగానే కాదన్నారు. మీకు అనుభవం లేదు, అన్నారు. ఎవరూ పని ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్నుంచి ఊడిపడుతుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే ఆ పిల్లకున్న అనుభవం ఆ మేనేజర్లలో సగం మందికి ఉండదు. పుట్టిందే లోపిక్ అనే ఊరి దగ్గర కాలవగట్టు మీద, చీజ్ చేసే ఇంట్లో. తండ్రి తూనిస్ యాభై ఆవుల పాలు పిండి, కాచకుండా, వెచ్చదనం పోకముందే చీజ్ చేస్తాడు. నడక వచ్చినప్పటి నుంచీ ఆమె చీజ్ చేసే ఆ తడి గదిలోనే తిరిగింది. కానీ ఆ సంగతి ఏ దరఖాస్తులోనూ రాయలేదు. చదువుకునే రోజుల్లో తోటివాళ్లు "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే "ఆహార రంగంలో ఉన్నారు" అనేది. గంబూట్లు వేసుకునే తండ్రిని చూసి సిగ్గుపడింది, సిగ్గుపడుతున్నందుకు మళ్లీ సిగ్గుపడింది. రెండో సిగ్గు వల్ల మొదటిది ఏమీ తగ్గలేదు.

అరవై నాలుగో దరఖాస్తు హౌడా ఊరి దగ్గరి చీజ్ వ్యాపారులకి. వాళ్లు చుట్టుపక్కల ముప్ఫై ఇళ్ల నుంచి కొత్త చీజ్ కొని, చెక్క అరల మీద నెలల తరబడి మాగబెట్టి అమ్ముతారు. ఇంటికో నంబరు, ఆ నంబరు చక్రంలా గుండ్రంగా పోసిన ప్రతి చీజ్ మీదా ముద్రపడి ఉంటుంది. తూనిస్ ఇంటిది పదిహేడు. తండ్రి సరుకు కొనేచోట కూతురికి నాణ్యత చూసే పని ఇవ్వరని అలైడా భయం. మా వైపు ఒకే ఇంటిపేరు వీధిలో పది ఇళ్లకి ఉంటుంది, పేరు చూసి ఎవరూ పోల్చుకోలేరు. అందుకని చిరునామా చోట స్నేహితురాలి గది నంబరు రాసి, తండ్రి ఊసెత్తకుండా ఊరుకుంది.

ఇంటర్వ్యూలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ల్యాబ్ పెద్ద లీస్‌బెత్. రెండోవాడు హెర్రిట్, నలభై ఏళ్లుగా చీజ్ వాసన చూసి తీర్పు చెబుతున్న మనిషి. నంబరున్న వైపు కిందికి పెట్టి ఒక చక్రాన్ని ఆమె ముందుకి తోశాడు. పక్కనే గొట్టం పెట్టాడు, బియ్యం బస్తాకి గుచ్చి చూసేలాంటిది. అలైడా గుచ్చింది, ఒక చుట్టు తిప్పింది, లాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చివర చిటికెడు తుంచుకుని, మిగతా ముక్కని పైతొక్కతో సహా కన్నంలోకి మళ్లీ దిగేసి, బొటనవేలితో రుద్ది మూసేసింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు హెర్రిట్.

"కాలేజీలోనండి. ప్రాక్టికల్స్‌లో."

"బొటనవేలితో రుద్దడం కూడా కాలేజీలో నేర్పుతున్నారన్నమాట. కాలం మారింది," అన్నాడాయన.

ఆమె ఆ మాట సరిగ్గా వినలేదు. చీజ్‌లోంచి పసిపిల్ల కక్కిన పాల వాసన వస్తోంది. ఆ వాసన అడుగున ఇంకో రుచి ఉంది, అది తమ ఇంటి పాల రుచి. ఇంకెవరైనా పొరబడొచ్చు, ఆమె పొరబడదు. కారణం కూడా తెలుసు, రోజుతో సహా.

సెప్టెంబరులో ఆఖరి కోత గడ్డిని చలికాలం మేతకని, మాగేలా కుప్పపోసి పాతరేశారు. పాతర గడ్డిని ఆ సాయంత్రమే ప్లాస్టిక్ పట్టాతో కప్పి, పైన పాత టైర్లు ఒకదాన్నొకటి ఆనించి పేర్చాలి. గాలి చొరబడిందా, గడ్డి చెడుతుంది. అది ఇద్దరు చేసే పని. తల్లి పేరు రీ, వృద్ధాశ్రమంలో నర్సు. ఆ పూట డ్యూటీలో ఉంది. తూనిస్ మెట్ల కింద నుంచి పిలిచాడు. "అమ్మడూ, ఓ అరగంట రావే, పట్టా పట్టుకో చాలు." మేడ మీద నుంచి ఆమె అరిచింది, "నాన్నా, ఇవాళే ఆఖరి తేదీ!" మళ్లీ పిలిచాడు. మళ్లీ అదే జవాబు. మూడోసారికి జవాబు కూడా చెప్పలేదు. అది కుక్కల తిండి కంపెనీకి రాస్తున్న దరఖాస్తు. నొప్పి భుజంతో ఆయనొక్కడే టైర్లు మోశాడు. మర్నాడు పొద్దున సైకిల్ మీద వెళ్తూ పట్టా ఒక మూల గాలికి లేచి కొట్టుకోవడం చూసింది. చూసి, తొక్కుకుంటూ వెళ్లిపోయింది. ఆవులు చలికాలమంతా ఆ గడ్డే తిన్నాయి.

"ఏమిటి లోపం?" అని అడిగింది లీస్‌బెత్.

అలైడా గడగడా చెప్పింది. చెడిన పాతర గడ్డిలోంచి సూక్ష్మజీవులు పేడలోకి, పేడలోంచి పొదుగుకి, పొదుగు నుంచి పాలలోకి వచ్చాయి. రెండు మూడు నెలలకి చీజ్ లోపల గ్యాసు పుట్టి పగులుతుంది. కోసి చూస్తే అలాగే పగిలి ఉంది. హెర్రిట్ తలూపాడు.

"ఈ రైతు జాగ్రత్త తెలిసిన మనిషే. ఎందుకలా వదిలేస్తాడు?" లీస్‌బెత్ మళ్లీ అడిగింది.

సాయం చేసేవాళ్లు లేక, అని ఆమె చెప్పి ఉండొచ్చు. నాకు తెలియదు, అని ఉన్నా సరిపోయేది. కానీ ఆమె అరవై మూడుసార్లు కాదనిపించుకున్న మనిషి. ఇప్పుడు ముందు కూర్చున్నవాళ్లు తలూపుతున్నారు.

"బద్ధకమండి. గాలి చొరబడకుండా కప్పడానికి ఒళ్లు వంగలేదు, అంతే."

లీస్‌బెత్ నవ్వింది. "ఉన్నదున్నట్టు అనే మనిషే మాకు కావాలి," అని ఆ మాటను ఉన్నదున్నట్టే రాసుకుంది. ఉద్యోగం ఆ వాక్యంతో వచ్చింది.

ఇంట్లో తూనిస్ ఆనందం పట్టలేకపోయాడు. మా వైపు పిల్లలు స్కూలు పరీక్ష పాసైతే కట్టినట్టు ఇంటి ముందు జెండా కట్టి, దాని కొసకి ఆమె పాత స్కూలు సంచీ తగిలించాడు. దారినపోయే ట్రాక్టర్లన్నీ హారన్ కొట్టాయి.

"ఉద్యోగానికి కూడా కడతారా నాన్నా, నవ్వుతారు!"

"అరవై నాలుగు పరీక్షలు రాశావు. నవ్వితే నవ్వనీ. మన చీజ్ కొనేవాళ్ల దగ్గరే పని! హెర్రిట్‌కి ఫోన్ చేస్తానుండు."

"వద్దు నాన్నా! సిఫార్సు అనుకుంటారు."

"అవును, అదీ నిజమే," అని ఫోను పెట్టేశాడు. కూతురి ఆత్మగౌరవం చూసి ఆయన మరింత పొంగిపోయాడు.

రెండో వారం లీస్‌బెత్ కాగితం చేతికిచ్చింది. ఆ వ్యాపారుల పద్ధతి ఒకటుంది. చెడ్డ వార్త పోస్టులో పంపరు. రైతు ఇంటికి వెళ్లి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రిపోర్టు పైకి చదవాలి. విన్నాక రైతు సంతకం పెడతాడు. "పదిహేడో నంబరు. హెర్రిట్‌తో వెళ్లు. రాసింది నీ మాటలే కాబట్టి చదివేది నువ్వే," అంది లీస్‌బెత్.

కారులో నిజం చెప్పడానికి ఇరవై నిమిషాలు దొరికాయి. అలైడా ఆ ఇరవై నిమిషాలూ వాన గురించి మాట్లాడింది. గేటు దగ్గర దిగీదిగగానే ఇంటి కుక్క ఉరుక్కుంటూ వచ్చి ఆమె మీదకి ఎక్కి మొహమంతా నాకేసింది.

"ఈ కుక్కకి నువ్వు బాగా తెలిసినట్టుందే," అన్నాడు హెర్రిట్.

"కుక్కలకి నేనంటే ఇష్టమండి," అంది. ఆ మాట అంటుండగానే తన మీద తనకే రోత పుట్టింది. ఈలోగా కొట్టంలోంచి తూనిస్ కేకేశాడు. "ఏమే, ఆఫీసు కారులో దిగావు! హెర్రిట్, చూశావా మా అమ్మాయిని! చెప్పొద్దందిగానీ, ఇంక దాచేదేముంది!"

హెర్రిట్ ఆమె వైపు ఒకసారి చూశాడు. కారు తలుపు వేసి ఇంటివైపు నడిచాడు. తిట్టినా బాగుండేది.

కాఫీలు వచ్చాయి. అలైడా కాగితం విప్పింది. వాసన గురించి మొదటి వాక్యం చదివింది. పగుళ్ల గురించి రెండోది చదివింది. పాతర గడ్డి గురించి మూడోది చదివింది. తూనిస్ మొహంలో నవ్వు వాక్యానికి కొంత చొప్పున పోయింది.

"ఇంతే నాన్నా," అని కాగితం మడిచింది.

హెర్రిట్ కప్పు దించాడు. "ఇంకో వాక్యం ఉందమ్మా. పూర్తిగా చదవాలి. చదివేందుకే మనకి జీతం."

ఆమె మళ్లీ విప్పింది. "కారణం, రైతు బద్ధకం. గాలి చొరబడకుండా కప్పడానికి ఒళ్లు వంగలేదు."

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు తూనిస్.

"నేనే నాన్నా."

తూనిస్ బల్ల మీది రొట్టె పొడిని వేలితో ఒకచోటికి చేర్చాడు. చాలాసేపు చేర్చాడు. తరవాత హెర్రిట్ వైపు తిరిగాడు.

"సరిగ్గానే పట్టింది. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నా నా ముక్కుకి అందలేదు చూడు. బద్ధకమే మరి. ఎవర్నైనా పిలవాల్సింది."

"ఇంట్లో ఎవరూ లేరా ఆరోజు?"

"లేరోయ్. రీ డ్యూటీకి పోయింది. అమ్మాయి ఊళ్లో లేదు."

"ఉన్నాను," అంది అలైడా. "మేడ మీదే ఉన్నాను నాన్నా. మూడుసార్లు పిలిచావు, మూడుసార్లూ విన్నాను. మర్నాడు పట్టా లేచిపోవడం కూడా చూశాను."

తండ్రి అబద్ధమాడగా ఆమె అంతకుముందు ఎన్నడూ చూడలేదు. పట్టుబడిన మనిషిలా తూనిస్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఇద్దరి వైపూ చూడకుండా కాగితం తన ముందుకి లాక్కుని, పెన్ను పట్టుకుని, "ఎక్కడోయ్ సంతకం పెట్టమంటావ్?" అని హెర్రిట్‌ని అడిగాడు.