తీసిపెట్టే డిస్క్

ఆపా పోయిందన్న కబురు వచ్చేటప్పటికి నేను దుకాణంలో ఎవరిదో పాన్ కార్డు దరఖాస్తు నింపుతున్నాను. డయాలసిస్‌కు తీసుకెళ్దామని పొద్దున లేపబోతే లేవలేదని ఆమె తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. సరేనని ఫోన్ పెట్టేసి దరఖాస్తు పూర్తి చేశాను. పుట్టిన తేదీ గళ్ళలో ఏం రాశానో ఏమో, ఆ మనిషి మర్నాడు తిరిగొచ్చి కాగితం నా ముందు పడేశాడు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. జహీరాబాద్‌లో మా గల్లీవాళ్ళంతా, ఆమెకంటే పెద్దవాళ్ళతో సహా, ఆమెను అలాగే పిలిచేవారు. ఇంటి ముందు గదిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, చూడడానికి వచ్చినవాళ్ళకు తన చాయ్ నచ్చలేదని చెప్పేది. నిజమే అయ్యుంటుంది, అల్లం అంత దంచి వేసేది మరి. నేను ఏడో తరగతిలో ఉండగా ఆమె దగ్గర చేరాను. సూది నాకు పట్టుబడలేదు గానీ ఆ గదిలోని కంప్యూటర్ పట్టుబడింది. ఇవాళ బస్టాండు దగ్గర నా జిరాక్సు దుకాణం నడుస్తోందంటే దాని పుణ్యమే.

ఆ కంప్యూటర్‌ను ఆమె తమ్ముడు సౌదీ నుంచి తెచ్చాడు, పిల్లల ఆటవస్తువు అనుకుని. కీబోర్డు, మిషిన్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి, టీవీకి తగిలించుకోవాలి. పిల్లలు ఆడి ఆడి విసుగొచ్చి వదిలేస్తే ఆపా చేరదీసింది. బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి, టీవీ నిండా గళ్ళు వచ్చేలా చేసుకుని, ఒక్కో గడికి ఒక్కో కుట్టు చొప్పున రంగులు నింపేది. మేం చాప మీద కూర్చుని టీవీలో గళ్ళు లెక్కపెట్టుకుంటూ దుపట్టాల మీద, దిండు గలీబుల మీద ఇంటూ కుట్టు వేసేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు మేం సీరియల్ చూస్తున్నామనుకునేవాళ్ళు. ఒకరికి గీసిన డిజైన్ ఇంకొకరికి చచ్చినా ఇచ్చేది కాదు. ప్రతిదాన్నీ ఆ పిల్ల పేరు మీదే దాచేది.

మొగుడంపల్లి దిక్కు నుంచి, రాయికోడ్ దిక్కు నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చేవారు. బస్సు ఆలస్యమై ఆకలితో దిగిన పిల్లకు సూది కంటే ముందు పళ్ళెం చేతికిచ్చేది. "నీకు తీసిపెట్టిన, తిను" అనేది. ఆ మాట నేను వందసార్లు విని ఉంటాను. అది ఒకనాడు హైదరాబాద్‌లో మమ్మల్ని తికమక పెడుతుందని మాత్రం అనుకోలేదు.

కిడ్నీలు చెడిపోయాక ఆపా క్లాసులు ఆపేసింది. అప్పటికి డిజైన్లు దాచిన ఫ్లాపీలన్నీ వానల్లో బూజు పట్టి పోయాయి. డిజైన్లు మిగిలింది మిషిన్ లోపలి హార్డ్ డిస్క్‌లోనే. అది కూడా జొన్నలు విసిరినట్టు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించింది.

"డిస్కు గూడ నాలెక్కనే అయింది బిడ్డా. అది నాకంటె ముంగట పోవద్దు. బయటికి తీసేటిది ఒకటి తెచ్చి, పిల్లలయి అన్ని అండ్లకెయ్యాలె."

ఈ కాలపు డిస్క్‌లు ఆ ముసలి మిషిన్‌కు అతకవు. వెతగ్గా వెతగ్గా హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన దొరికాడు. కరీంనగర్ మనిషి. నేను ఫోన్‌లో మిషిన్ సంగతి వివరిస్తుంటే ఆపా ఓపిక పట్టలేక ఫోన్ లాక్కుని, తనకు తీసిపెట్టే డిస్క్ కావాలని చెప్పింది. మిషిన్ నుంచి బయటికి తీసి మళ్ళీ పెట్టుకోగలిగేది అని ఆమె ఉద్దేశం. ఆయన సంతోషంగా, తప్పకుండా తీసిపెడతానన్నాడు. దవాఖానలో చూపించుకునే రోజునే దుకాణానికి వెళ్ళాం. ఆయన మాట తప్పలేదు. మామూలు డిస్క్ ఒకటి, ఎవరికీ అమ్మకుండా, ఆపా పేరు రాసిన చీటీ అంటించి, అల్మారాలో భద్రంగా తీసిపెట్టాడు. దాన్ని చూసి ఆపా అలాగే స్టూలు మీద కూలబడి నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను చూసింది అదే ఆఖరుసారి.

తర్వాత ఆయన అసలైనవి రెండు చూపించాడు. ఒకటి గోరంత మెమరీ కార్డు, దాన్ని మిషిన్‌కు కలిపే చిన్న పలక. చప్పుడు లేదు, అరగడానికి లోపల తిరిగేదేమీ లేదు. పైగా ఆ కార్డు నా దుకాణంలోని కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటుంది. రెండోది ఇటుకంత డబ్బా. అందులోకి అరచేయంత డిస్క్‌ను దూర్చాలి, పని అయ్యాక లాగాలి. పాతది, బరువు. ఆ డబ్బాలో తప్ప, ఆ మిషిన్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. నేను కార్డు అన్నాను. అమ్మేవాడు కూడా కార్డే అన్నాడు. ఆపా రెండూ చేతిలోకి తీసుకుని చూసి, ఇటుకను సంచిలో వేయించుకుంది.

బస్సులో ఇటుక ఉన్న సంచిని కాళ్ళ దగ్గర పడేసి కూర్చున్నాను. సంగారెడ్డి దాటాక ఆమే నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"కార్డు మంచిదని నాకెర్క. అది నీ దుకాణంల తెరుచుకుంటది. నేను పోయినంక నా ఇంట్ల ఎవరన్న అడుగుపెడ్తరా? గిదైతే నా మిషిన్‌లనే తెరుచుకుంటది. డిజైన్ గావాలంటె వచ్చి ఆ చాప మీద కూసోవాలె."

అప్పటిదాకా నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చెరుకు లారీల వెనక మా బస్సు నెమ్మదిగా పోతూ ఉంది.

డిజైన్లన్నీ ఒక్కసారే కొత్త డిస్క్‌లోకి పంపేయవచ్చు. ఒక గంట పని. ఆపా ఒప్పుకోలేదు. ఒక్కోటి తెరవాలి, చూడాలి, ఆ పిల్ల కబుర్లు చెప్పాలి, ఎక్కడో ఒక గడి రంగు నచ్చక మార్చాలి, అప్పుడు పంపాలి. లోపలి డిస్క్ ఏ క్షణమైనా ఆగిపోవచ్చని మొత్తుకున్నాను. "ఒకపారి చూసి పంపుత బిడ్డా, పిల్లల్ని అత్తగారింటికి పంపినట్టు. మళ్ల చూస్తనో లేదో" అంది. డయాలసిస్ లేని రోజుల్లో వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. సగం అయ్యాయి. ఆ తర్వాత ఆమెకు కూర్చునే ఓపిక కూడా లేకపోయింది.

జనాజా రోజున ఇంటినిండా ఆడవాళ్ళు. ఎవరెవరో నన్ను పట్టుకుని ఏడ్చారు, నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాతి వారం, మిగిలినవి నేనే పంపేద్దామని మిషిన్ పెట్టాను. లోపలి డిస్క్ రెండు తిరుగుళ్ళు తిరిగి ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆమె తమ్ముడు చాయ్ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

మిషిన్ ఇప్పుడు ఇటుకలోని డిస్క్‌తోనే నడుస్తోంది. ఆపా అనుకున్నట్టే పిల్లలు వస్తున్నారు. పిల్లలంటే ఇప్పుడు పిల్లల తల్లులు. తన డిజైన్ టీవీలో కనబడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు కొందరు, ఫోన్‌తో ఫొటో తీసుకునేవాళ్ళు కొందరు. మొన్న ఆదివారం మొగుడంపల్లి నుంచి ఒకామె వచ్చింది. ఆమెది ఆపా పంపిన సగంలో లేదు. ఉన్న పేర్లన్నీ రెండుసార్లు వెతికి చూపించి ఆ సంగతి చెప్పాను. ఆమె సంచిలోంచి ఒక దిండు గలీబు తీసింది. పెళ్ళికి ముందు ఈ గదిలోనే కుట్టుకున్నదట. గలీబు నుంచి తిరిగి మిషిన్‌లోకి ఎక్కించొచ్చా అని అడిగింది. నాకు ఆ ఆలోచనే తట్టలేదు.

ఆమె గళ్ళు చదువుతూ పోయింది, నేను తెర మీద నింపుతూ పోయాను. అంచు అయింది, తీగ అయింది, ఆకులు అయ్యాయి. గలీబు నడిమధ్యకు వచ్చేసరికి ఆమె ఆగింది. ఇన్నేళ్ళూ తల ఆనిన చోట దారం అరిగి పోయింది. గలీబును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే సూది పోట్లు మాత్రం వరసగా కనబడుతున్నాయి. వాటినే లెక్కపెట్టమన్నాను. వేలితో ఒక్కో పోటునూ తడుముతూ చెప్పింది. నడుమ ఉన్నది పువ్వు.

"ఏం రంగు?" అని అడిగాను.

ఆమె గలీబును ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "యాదికి లేదక్కా. ఆపానడగాలె" అంది.

అన్నాక ఆమె వేలు సూది పోట్ల మీద ఆగిపోయింది. తెర మీద పువ్వు గళ్ళు తెల్లగా అట్లాగే ఉన్నాయి.