పిలిచేవాడు ఎక్కడ కూర్చుంటాడు

మా అత్తగారి ఊరు కట్టంగూరు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉండేది. నేను కోడలిగా వచ్చేసరికే అత్త చనిపోయింది. ఇంట్లో ఉన్నది మామ, ఆయన డప్పు. నన్ను చేసుకున్నాయన కూడా ఉన్నాడు గానీ, సాగర్ కట్ట పనికి పోయి పండగకో పబ్బానికో వచ్చేవాడు కాబట్టి ఆయన్ని లెక్కలో వేసుకోను.

మామ ఊరికి డప్పు కొట్టి చాటేవాడు. శిస్తు కట్టాలన్నా, ఊరమ్మకు కొలుపు చేయాలన్నా, చావిడి దగ్గర పంచాయితీ ఉన్నా ఆయన వీధివీధి తిరగాలి. ఆయన చాటితే జనం వచ్చి చావిడి గద్దె మీద కూర్చునేవారు. ఆయన మాత్రం చెప్పులు చేత పట్టుకుని, మాట వినపడేంత దూరంలో నిలబడేవాడు. ఊరు కూడాలంటే ఆయన కావాలి. కూడిన తర్వాత ఆయనతో పని లేదు.

ఆదివారం మా వాడలో ప్రార్థన ఇంటికి కూడా ఆయనే చాటేవాడు. మాకు గంట లేదు, ఎవరింట్లోనూ గడియారం లేదు. మిషను వాళ్లు గంట పంపుతామన్నారు. ఇప్పటికీ పంపుతూనే ఉన్నారు. మామ వాడంతా చాటి వచ్చి, ప్రార్థన ఇంటి బయట కిటికీ కింద కూర్చునేవాడు. అత్త బాప్తిస్మం తీసుకుంది గానీ ఈయనకు ఇవ్వలేదు. కొలుపుకు డప్పు కొట్టేవాడికి బాప్తిస్మం ఇవ్వరాదని సంఘ పెద్దల కట్టుబాటు. బాప్తిస్మం లేనివాడికి సమాధుల తోటలో జాగా లేదు. అత్త ఆ తోటలో ఉంది. మామకున్న ఫికర్ అదొక్కటే.

అప్పుడు గుంటూరు దిక్కు నుంచి, ప్రార్థన చేయించడానికి కొత్త అయ్యగారు వచ్చారు. మంచి మనిషి. చదువుకున్న చోట ఆయనకు ఒక గ్రీకు మాట బాగా పట్టుబడింది. ఎక్లేసియా. మన గ్రంథంలో సంఘం అని చదువుకునే చోట అసలు ఉన్నది ఆ మాటేనట. దాన్ని ఆయన పెళ్లిలో చెప్పారు, చావులో చెప్పారు, ప్రార్థన ఇంటి కప్పు నేస్తుంటే కింద నుంచి గడ్డి అందించేవాళ్లకూ చెప్పారు.

"పూర్వం గ్రీకు పట్నాల్లో ఒకడు వీధులెంట పిలుస్తూ వెళ్లేవాడండీ. విన్నవాళ్లు పని ఎక్కడిదక్కడ వదిలి, ఇళ్లలోంచి బయటికొచ్చి ఒకచోట కూర్చునేవాళ్లు. అలా పిలిస్తే బయటికొచ్చిన మనుషులే ఎక్లేసియా. గోడలు కాదు, కప్పు కాదు."

మా దిక్కు సంఘం అంటే, అంతకు కొన్నేళ్ల ముందు దొరల మీదికి లేచిన, పోలీసులు ఇల్లిల్లూ వెతికిన సంఘమే జనానికి గుర్తు. పోలీసులు రాని సంఘం ఒకటుందని విని ముసలివాళ్లు కాస్త స్థిమితపడ్డారు.

ఒక ఆదివారం అయ్యగారు అదే చెబుతుంటే కిటికీ కింద నుంచి మామ గొంతు వినపడింది. "అయ్యగారూ, గా పిలిచేటోడు ఏడ కూసుంటడు?"

"అది మాకు చెప్పలేదు పెద్దాయనా."

"ఏడనో ఒక్కాడ కూసుండే ఉంటడు గదా. జర కనుక్కొని చెప్పున్రి."

ఆయన ఎవరిని కనుక్కున్నారో తెలియదు గానీ, ఆ తర్వాత చాలా ఆదివారాలు ఎక్లేసియా ఊసెత్తలేదు.

ఆ వర్షాకాలం మామకు దగ్గు పట్టుకుంది. ఒకరోజు డప్పు తెచ్చి దూలానికి తగిలించాడు. ఊరి చాకిరీ తమ్ముడి కొడుక్కి అప్పజెప్పాడు. "ఇగ కొట్ట బిడ్డా. నేను మీ అత్త పక్కన పండుకోవాలె," అన్నాడు. పెద్దలు విని సంతోషించి, వచ్చే ఆదివారమే బాప్తిస్మం అన్నారు. సంఘం అంతా చూస్తుండగా, వాడ వెనకాల మోట బావిలో.

ఆ ఆదివారం తెల్లవారి నుంచే ముసురు. మామ తలకు నూనె రాసుకుని, ఉతికిన ధోతి కట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రార్థన ఇంట్లో చాప మీద కూర్చున్నాడు. ఆయన వెనక నేను. ఎదురుగా అయ్యగారు. అంతే. ఇంకెవరూ రాలేదు. బాప్తిస్మం ఇవ్వాలన్న పెద్దలు కూడా రాలేదు.

అయ్యగారు చేతి గడియారం చూసుకున్నారు. గుమ్మందాకా వెళ్లి వచ్చారు. "ఏరమ్మా జనం?"

"ఎవలు పిలిచిన్రు అయ్యగారూ?" అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండింది. ఎండ ఉంటే పొద్దు చూసి ఎవరైనా వచ్చేవారేమో. ముసురులో ఎవరికేం తెలుస్తుంది? డప్పు మానమన్న పెద్దలకు, డప్పు మానేస్తే తమను కూడా ఎవరూ పిలవరని తోచలేదు. "నేను పొయ్యి కొట్టుకొస్త," అని మామ లేవబోయాడు. అయ్యగారు వద్దన్నారు. మునగకముందే మాట తప్పాడంటారు పెద్దలు, ఈ జన్మకు ఇక బాప్తిస్మం ఉండదు. మామ మళ్లీ కూర్చుని చాప అంచు గిల్లసాగాడు.

అయ్యగారు నా వైపు తిరిగి, "ఆ డప్పు ఇలా ఇవ్వమ్మా," అన్నారు.

ఇంటికి వెళ్లి డప్పు దించాను. చెమ్మకు తోలు మెత్తబడి ఉంటే, పొయ్యిలో జొన్న చొప్ప మండించి సెగ చూపించాను. అయ్యగారు దాన్ని తెల్ల చొక్కా మీద భుజానికి వేసుకుని వాడలోకి దిగారు. ఆయనకు వచ్చిన దరువు ఒక్కటే. మా ఊరికొచ్చాక శవాల వెంట నడుస్తూ దగ్గరగా విన్నది అదే కాబట్టి. అది చావు దరువు.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు పిండి చేతులతోనే ఉరికొచ్చారు. "ఎవలు పొయిన్రు? ఎవలు పొయిన్రు?" మగ్గాల వీధివాళ్లు, గొర్ల మందలవాళ్లు కూడా దూరంగా వచ్చి నిలబడ్డారు. సంఘ పెద్దలు గొంగళ్లు కప్పుకుని వచ్చారు. "ఎవరూ పోలేదండీ, రండి," అని అయ్యగారు చెబుతూనే కొడుతున్నారు. ఎవరూ పోలేదని తెలిసి కొందరు కాస్త నిరాశపడ్డారు. ఎలాగూ తడిశాం కదా అని అందరూ వెంట నడిచారు.

చూస్తే మామ మా ఇంటి గడపలో నిలబడి ఉన్నాడు. ప్రార్థన ఇంట్లోంచి ఎప్పుడు వచ్చాడో! డప్పు మా ఇల్లు దాటగానే దిగి వచ్చి గుంపులో కలిశాడు.

"లోపట కూసున్నోడివి బయటికెందుకొచ్చినవ్ మామా?"

"పిలుస్తుండ్రు గద బిడ్డా," అన్నాడు. "నన్నెవలన్న పిలుసుడు ఎన్నడు సూసినవ్?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ చినుకుల్లో, అంతమంది మధ్య, కోడలిననే సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

మామ మోట బావిలో మునిగి లేచాడు. నీళ్లు చల్లగా ఉన్నాయన్నాడు. తర్వాత పెద్దలు చాలాసేపు కూర్చుని, ఆదివారం మామ కొట్టేది డప్పు కిందికి రాదు, గంట కిందికే వస్తుందని తీర్మానించారు. దాంతో మామ మళ్లీ చాటడం మొదలుపెట్టాడు. చాటి వచ్చి, డప్పు కిటికీ కింద ఆనించి, లోపల మొదటి వరసలో కూర్చునేవాడు. అయ్యగారు మళ్లీ ఎక్లేసియా గురించి చెప్పసాగారు. పిలిచేవాడు ఎక్కడ కూర్చుంటాడో ఇప్పుడు వేలు పెట్టి చూపించేవారు.

రెండు పంటలు గడిచాక దగ్గు తిరగబెట్టి మామ పోయాడు. అత్త పక్కన జాగా ఇవ్వడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చాటడానికి తమ్ముడి కొడుకు వస్తే అయ్యగారు వద్దని, ఆ డప్పు తానే భుజానికి వేసుకున్నారు. ఆయనకు ఇంకా ఆ ఒక్క దరువే వచ్చు. ఆ రోజు అది తప్పు కాలేదు.