ఎక్స్‌పర్టా, ఎక్స్‌పాటా

నాకు ఇంగ్లీషు బాగానే వచ్చని అనుకునేదాన్ని. కాకినాడలో డిగ్రీ చదివాను. షార్జాలో కాపురం పెట్టాక స్కూలు సర్క్యులర్లు, బ్యాంకు ఫోన్లు, ఇంటి అద్దె మాటలు అన్నీ నేనే చూసుకునేదాన్ని. అలాంటి నన్ను ఒక్క ‘ర’ బోల్తా కొట్టించింది. అది కూడా అమెరికావాళ్ళ నోట్లోని ‘ర’. వాళ్ళు దాన్ని సరిగ్గా పలకరు, పూర్తిగా మింగరు. అలా నానబెట్టి వదిలేస్తారు.

ఇక్కడ రోజుకి పదిసార్లు వినపడే మాట ‘ఎక్స్‌పాట్’. పరాయి దేశం నుంచి వచ్చి పని చేసుకుంటూ, వీసా ఉన్నన్నాళ్ళు ఉండేవాళ్ళమని అర్థం. పేపర్లో అదే, రేడియోలో అదే. రెండువేల ఇరవైలో, కరోనా వచ్చాక అయితే, ఆ మాట వినపడగానే రేడియో కట్టేసేదాన్ని. ఎక్స్‌పాట్ల ఉద్యోగాలు పోతున్నాయి, ఎక్స్‌పాట్లు ఇళ్ళు ఖాళీ చేస్తున్నారు, ఎక్స్‌పాట్లని ఇళ్ళకి పంపడానికి విమానాలు వేస్తున్నారు. మా అంతస్తులోనే రెండు కుటుంబాలు సోఫాలూ ఫ్రిజ్జులూ వచ్చినకాడికి అమ్మేసి వెళ్ళిపోయాయి.

ఆ ఏడే మా ఆయనకి అమెరికా రాజకీయాల పిచ్చి పట్టుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని నేనంటే వినేవారు కాదు. ఆయన ఫైర్ సేఫ్టీ ఇంజనీరు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో, సజ్జాలో ఫ్యాక్టరీలు తిరిగి, ఎక్కడ మంట అంటుకునే ప్రమాదం ఉందో, ఎక్కడ నీళ్ళ పైపులు, అలారాలు పెట్టాలో నక్షాలు గీసి ఇవ్వడం ఆయన పని. ఇంటి నుంచి పని చేయమన్నాక పొద్దున్న లాప్‌టాప్, మధ్యాహ్నం నుంచి ఫోన్. ఫోన్లో ఎప్పుడూ ఎవరో ఒక అమెరికా నాయకుడు వేలు ఊపుతూ అరుస్తూ ఉండేవాడు. ప్రొఫెసర్లని తిట్టేవాడు, డాక్టర్లని వెక్కిరించేవాడు. కింద జనం కేకలు. మా ఆయన కూడా ఇక్కడ సోఫాలో కూచుని తొడ చరిచేవారు.

“చదువుకున్నవాళ్ళని తిడుతుంటే మీకెందుకండీ అంత ఆనందం? మీరు చదువుకోలేదా?” అని ఒకరోజు అడిగేశాను.

“నేను చదువుకున్నాను. నన్నెవడైనా ఎక్స్‌పర్ట్ అన్నాడా ఎప్పుడైనా?” అన్నారు.

అప్పుడు నాకు ఆ జవాబు తలకెక్కలేదు. ఇప్పుడు కాస్త ఎక్కింది. వాళ్ళ ఆఫీసులో ఎక్స్‌పర్ట్ అంటే ఒకే ఒక మనిషి. ఎక్కడినుంచో విమానంలో దిగుతాడు, తెల్లగా ఉంటాడు, మా ఆయన గీసిన నక్షాల మీద కళ్ళజోడు సర్దుకుని సంతకం పెడతాడు. ఆ సంతకం ఉంటేనే ముదీర్, అంటే వాళ్ళ మేనేజరు, ఒప్పుకుంటాడు. ఒకసారి మా ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా ఆ మనిషి ఒక గోదాముకి పైపులు తగ్గించేశాడట. ముదీర్ మా ఆయన భుజం తట్టి, “యల్లా, కానీయ్, ఎక్స్‌పర్ట్ చెప్పాడుగా” అన్నాడట. ఆ రోజు ఆయన అన్నం సగంలో లేచిపోయారు. అమెరికాలో ఎవరో ఎక్స్‌పర్టులని ఝాడిస్తుంటే మా ఆయనకి ఆ కళ్ళజోడు మనిషిని ఝాడించినట్టే ఉండేదేమో.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. నాలుగో ఏట నుంచి ఆయాసం ఉంది. పిల్లల డాక్టరమ్మ, కేరళ ఆవిడ, రెండు ఇన్‌హేలర్లు ఇచ్చింది, ఇంట్లో పంపులంటాం. నీలంది ఆయాసం వచ్చినప్పుడు. గోధుమరంగుది ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ పీల్చాలి, రాకుండా కాపాడేది అదే అని ఎన్నోసార్లు చెప్పింది. ప్లాస్టిక్ గొట్టం బిగించి పొద్దున్నా సాయంత్రం పీల్పించడం నా డ్యూటీ. పిల్ల బాగానే ఉండేది. ఎంత బాగుండేదంటే, దానికి జబ్బుందని మేమే మర్చిపోయేంత.

ఆ డాక్టరమ్మ మీద మా ఆయనకి అప్పటికే ఒక కోపం ఉంది. వైరస్ కొత్తలో పిల్లకి మాస్కు కావాలా అని అడిగితే అక్కర్లేదంది. తర్వాత కొన్నాళ్ళకే మాస్కు లేకుండా క్లినిక్కుకి రావద్దంది. “నిన్న వద్దని ఇవాళ కావాలంటే ఏది నమ్మాలి? వీళ్ళకే తెలీదు, మనకి చెప్తారు” అన్నారు. నేను డాక్టరమ్మ తరఫున మాట్లాడబోయి ఆగిపోయాను. నిజంగానే రెండు మాటలూ చెప్పింది కదా. అప్పుడలా ఎందుకంది, ఇప్పుడిలా ఎందుకంటోంది? నాకూ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు వాదించడం ఎలాగ?

అసలు సంగతికి వస్తాను. సెప్టెంబరులో ఒక ఉదయం. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను, ఎగ్జాస్ట్ ఫ్యాను మోత. బయట గదిలో ఆయన ఫోన్లో అమెరికా మనిషి అరుస్తున్నాడు. నాకు వినపడింది ఇదీ: మాకు ఎక్స్‌పాట్లు అక్కర్లేదు, మన కష్టాలన్నిటికీ ఎక్స్‌పాట్లే కారణం.  అమెరికావాళ్ళు కూడా మొదలెట్టారా! అక్కడ ఏది మొదలైతే అది ఇక్కడికి వచ్చే తీరుతుందని మా ఆయనే అంటూంటారు. గరిట పట్టుకునే బయటికి వచ్చాను. ఆయన గడ్డం మిషన్‌తో గడ్డం గీసుకుంటున్నారు. ఆ బుర్రుమనే చప్పుడు మధ్యలోంచి నావైపు తిరిగి అన్నారు:

“ఈ ఎక్స్‌పర్టుల కాలం అయిపోయిందే. ఖలాస్. అమ్మాయికి ఆ రోజువారీ పంపు కూడా ఆపేయ్.”

నా చెవికి చేరింది మాత్రం ఎక్స్‌పాట్ల కాలం అయిపోయిందని. ఉద్యోగం పోయిందనుకున్నాను. నోటితో చెప్పలేక ఇలా డొంకతిరుగుడుగా చెప్తున్నారనుకున్నాను. పంపు ఆపేయమంటే, ఎలాగూ ఇంటికి వెళ్ళిపోతున్నాం, అక్కడి డాక్టరుకి చూపించి మందులు మారుద్దాం అని కాబోలు అనుకున్నాను. ఆయన మొహం చూస్తే జాలేసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా జన్మలో నేను ప్రశ్న అడగకుండా ఊరుకున్న సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి కావడం నా ఖర్మ.

“అలాగేలెండి” అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు. యుద్ధం జరుగుతుందనుకున్నారు పాపం.

ఆ మధ్యాహ్నం మా ఇంటికి పనికి వచ్చే ఆవిడతో మనసాగక చెప్పేశాను. ఆవిడది అమలాపురం దగ్గర పల్లె, మా బిల్డింగులో నాలుగిళ్ళలో చేస్తుంది. “అమెరికాలోనే ఎక్స్‌పాట్లని వద్దంటున్నారంట. ఇక్కడా అయిపోయినట్టే” అన్నాను.

“ఆయ్, మరి మాబోటోళ్ళ సంగతేంటండీ? మమ్మల్నీ అందులోనే కలుపుతారాండీ?” అంది, చీపురు పక్కన పెట్టి.

నాకేం తెలుసు? ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళని ఎక్స్‌పాట్లంటారు, క్యాంపుల్లో ఉండేవాళ్ళని లేబరంటారు, ఆవిడలాంటి వాళ్ళని మెయిడ్లంటారు. పంపించేటప్పుడు మాత్రం అందర్నీ ఒకే విమానం ఎక్కిస్తారేమో. ఆ వారంలోపే ఆ కబురు నాలుగిళ్ళూ తిరిగి, చిలవలు పలవలు వేసుకుని నా దగ్గరికే వచ్చింది. అమెరికా పెద్దాయన ఇక్కడి షేకులకు ఫోన్ చేసి మనందర్నీ పంపేయమన్నాడట! నేను పుట్టించిన కబురే అని గుర్తుపట్టక నేనూ హడలిపోయాను. మా ఆయనకి తెలియకుండా అటకమీంచి పెద్ద సూట్‌కేసు దింపి, స్వెట్టర్లు సర్దడం మొదలుపెట్టాను. కాకినాడకి స్వెట్టర్లెందుకో నాకే తెలియదు.

ఆయన మాత్రం రోజూ లాప్‌టాప్ ముందు కూచుంటున్నారు. ఉద్యోగం పోయిన మనిషి ఏం చేస్తున్నాడా అని నేను తొంగి చూసేదాన్ని. బాధ మర్చిపోడానికి పాత నక్షాలు చూసుకుంటున్నారనుకునేదాన్ని. పిల్ల ఆడుకుంటోంది, ఎగురుతోంది, ఒక్క దగ్గు లేదు. “చూశావా? ఏమైంది? ఏమీ కాలేదు” అన్నారు ఒకరోజు. ఏమీ కాలేదు, నిజమే. నాకు ఎవరి మాట నిజమో తెలియని గందరగోళం ఇంకాస్త పెరిగింది.

నవంబరులో ఇక్కడ ఒక పండగలాంటి రోజు వస్తుంది. ఏసీలు కట్టేసి, ఆర్నెల్లుగా మూసిన బాల్కనీ తలుపులు తెరిచే రోజు. ఆ శుక్రవారం మేమూ తెరిచాం. చల్లటి గాలితోపాటు సన్నటి ఇసుకదుమ్ము వచ్చింది. భోజనాలవేళకి పిల్ల కంచం ముందు కూచుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా భుజాలు ఎగరేస్తోంది. ఆట అనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఛాతీలోంచి పిల్లనగోవిలాగా చప్పుడు. నీలం పంపు కొట్టాం. మళ్ళీ కొట్టాం. మాట పూర్తిగా అనలేక “అమ్... మా” అని రెండు ముక్కలుగా పిలిచింది. ఆ పిలుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మా ఆయన కారు తాళాలు చేతిలోనే పెట్టుకుని, వాటికోసం ఇల్లంతా వెతికారు.

క్లినిక్కులో వేరే గదిలో కూచోబెట్టి మందు ఆవిరి పట్టారు. డాక్టరమ్మ వేలికి క్లిప్పు పెట్టి చూసింది, వీపుమీద చెవిగొట్టం ఆనించి చాలాసేపు విన్నది. పిల్ల పెదవులకు రంగు వచ్చాక మావైపు తిరిగింది. గోధుమరంగు పంపు ఎప్పుడు ఆపారని ఇంగ్లీషులో అడిగింది. ఆయన నేల చూపులు చూస్తున్నారు. నేనే అందుకున్నాను. మేం ఇండియా వెళ్ళిపోతున్నాం కదా డాక్టర్, అక్కడ చూపిద్దామని ఆపాం అన్నాను.

“ఇండియా ఏంటి?” అన్నారు మా ఆయన తెలుగులో.

“ఎక్స్‌పాట్ల కాలం అయిపోయిందని మీరే కదండీ అన్నారు?”

“ఎక్స్‌పాట్లా? ఎక్స్‌పర్టులన్నాను!”

“అంటే ఉద్యోగం పోలేదా?”

“నా ఉద్యోగం ఎందుకు పోతుంది?”

డాక్టరమ్మకి తెలుగు రాదు కానీ ఆ రెండు మాటలూ అర్థమయ్యాయి. జరిగిందేమిటో, ఇంగ్లీషు మీద నమ్మకం పోయి, వచ్చీరాని హిందీలో చెప్పాను, అమెరికా వీడియోలతో సహా. సిగ్గుతో చచ్చాను కానీ దాచలేదు. ఆవిడ నవ్వలేదు. మాస్కుపైన కళ్ళు బాగా అలిసిపోయి ఉన్నాయి. “మై తో దోనో హూఁ, మేడమ్” అంది. నేను రెండూనమ్మా అని. ఆ మాట చురకో దిగులో నాకు తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. కోపం ఆపుకోలేకపోయాను. “మంట లేనప్పుడే కదండీ మీరు పైపులు పెట్టించేది? ఇన్నేళ్ళూ అంటుకోలేదుగా, పైపులెందుకని ఫ్యాక్టరీవాళ్ళంటే ఇంటికొచ్చి వాళ్ళని తిడతారే?” అన్నాను.  “మరి మాస్కు విషయం?” అన్నారు ఆయన, గొంతు తగ్గించి. నేను పిల్ల నుదుటిమీద జుట్టు సర్దాను. 

పనావిడకి మర్నాడు అసలు సంగతి చెప్పాను. పొమ్మంటున్నది మనల్ని కాదు, ఎక్స్‌పర్టులని, అంటే డాక్టర్లూ సైంటిస్టులూ బాగా చదివినవాళ్ళని అన్నాను. “హమ్మయ్య, పోన్లెండి. మనోళ్ళు కాదుగా” అని చీపురు అందుకుంది. నాకూ ముందు హమ్మయ్యే అనిపించింది. తర్వాత మళ్ళీ ఎటూ తేలలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం సంగతి చెప్పి ఆపుతాను. పిల్ల సోఫాలో దుప్పటి కప్పుకుని కూచుంది. ఆయన స్వయంగా గోధుమరంగు పంపుకి గొట్టం బిగించి తెచ్చారు.

“పీల్చు తల్లీ.”

“వద్దన్నావుగా?”

“ఇప్పుడు కావాలి. డాక్టరాంటీ చెప్పింది.”

“డాక్టర్లకి ఏమీ తెలీదన్నావుగా నాన్నా. నిన్న వద్దని ఇవాళ కావాలంటారు, నమ్మకూడదన్నావు.” వెక్కిరింత కాదు. నిజంగానే అడుగుతోంది.  గొట్టం పట్టుకున్న ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఇప్పుడు తనూ ఆ డాక్టరమ్మలాగే రెండు మాటలు చెప్పిన మనిషి.

అది నావైపు తిరిగింది. “అమ్మా, నీకు తెలుసా? ఇది మంచిదేనా?”

ఊపిరితిత్తుల గురించి నాకు తెలిసింది సున్న. ఆ గోధుమరంగు డబ్బాలో ఏముందో ఇప్పటికీ తెలియదు. ఒక్క అక్షరం సరిగ్గా వినలేక పిల్లని ఇంతదాకా తెచ్చిందాన్ని. ఇది తెలుసుకోడానికి డాక్టరమ్మ ఎన్నేళ్ళు చదివిందో. ఆవిడ మాట చెల్లలేదు, వాళ్ళ నాన్న మాట చెల్లలేదు. పిల్ల నా మొహమే చూస్తోంది.

“తెలుసు” అన్నాను.

ఏమీ తెలియని నన్ను నమ్మి, మా అమ్మాయి గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.