ఒకే తల్లి, రెండు కొట్టాలు

కుప్పంలోని మా తమ్ముడి ఆవు తన్నుతుంది. అది పుంగనూరు పొట్టి ఆవుల జాతి దోషమని అతను అందరికీ చెబుతున్నాడు. నాకు ఒళ్లు మండుతోంది. ఆ ఆవూ, మదనపల్లెలో నా కొట్టంలో ఉన్న ఆవూ ఒకే తల్లి బిడ్డలు. పుంగనూరు నుంచి తెచ్చిన ఒకే ఆబోతుకు పుట్టినవి. ప్రతి చూడి, ప్రతి ఈత నేను రాసి ఉంచుతాను. నా ఆవు పొదుగు పట్టుకుంటే నెమరు కూడా ఆపదు. అతనిది చెంబు కనిపిస్తే చాలు, కాలు విసురుతుంది.

"దీన్ని సంతకు తోలేస్తాండానక్కా. నీ దాన్నీ అమ్మేయ్. రక్తమే సరిలేదు" అన్నాడు ఫోన్లో.

తన్నే ఆవును సంతలో ఎవరు కొంటారో నాకు తెలుసు. మరునాడే కుప్పం వెళ్లాను.

పాలు పితికే వేళకు చేరాను. తమ్ముడు దూడను వదలకుండానే ఆవు వెనక కాళ్లకు తాడు బిగించాడు. ఆవు దూడకోసం తల తిప్పితే తొడమీద చరిచాడు.

"యాల కొడతావు? ముందు దూడ నాలుగు గుక్కలు తాగితే కదా అది పొదుగులోకి పాలు చేపేది!"

"ఇడిస్తే అంతా అదే తాగేస్తాదక్కా. భయముంటేనే నిలస్తాది."

"మనమ్మ ఏపొద్దన్నా తాడు కట్టిందా?"

"అప్పుటి ఆవులు వేరు."

"దీని తల్లికి పాలు పిండింది అమ్మే గదరా!"

"నువ్వు రాసిందంతా నిజమేలేక్కా. తన్నులు తినేది మాత్రం నేను."

ఇక వాదించలేక ఆవునూ దూడనూ బండి ఎక్కించి నా కొట్టానికి తెచ్చుకున్నాను. తాడు కనబడకుండా దాచాను. దూడను ముందు వదిలాను, వీపు నిమిరాను. పొదుగు మీద చెయ్యి వేయగానే నా మోకాలి మీద తన్నింది.

కబురు ఎలా చేరిందో, సాయంత్రమే ఫోను. "సూస్తివా అక్కా, రక్తమే!" ఒకటే నవ్వు.

ఉన్నది దాచకూడదు. గొడుగు తెరిస్తే నా ఆవు కూడా బెదురుతుంది. వాటి తల్లీ అంతే. ఆ బెదురు పుట్టుకతో వచ్చిందే కావచ్చు. కానీ చెంబును చూసి కాలెత్తడం తల్లికి లేదు, నా ఆవుకు లేదు. అది ఆ కొట్టంలో నేర్చుకున్నదే. చరిచిన చెయ్యి అతనిది, వాచిన మోకాలు నాది. నింద మాత్రం ఎన్నడూ తాడెరగని ఆ తల్లికి.

సంతకు పంపను. మోకాలికి పసుపు పట్టు వేసుకున్నాను. రేపు పొద్దున కూడా దూడనే ముందు వదులుతాను.